దొంగిలించిన రైలు, దారితప్పిన జాలి

పెదవి మీదికి నవ్వన్నదే రానీయకుండా లోకాన్నంతా నవ్వించినవాడు బస్టర్ కీటన్. మూకీల కాలంలో చార్లీ చాప్లిన్ సరసన నిలిచిన ఈ అమెరికా హాస్యనటుడు 1926లో క్లైడ్ బ్రక్‌మన్‌తో కలిసి తీసిన సినిమా పేరు ‘ది జనరల్’. జనరల్ అంటే ఇందులో సేనాధిపతి కాదు, ఒక రైలింజన్. దాని డ్రైవర్ జానీ గ్రే. ఆ అమాయకుడికి లోకంలో రెండే ప్రాణాలు. ఒకటి తన ఇంజన్, రెండోది తన ప్రియురాలు అనబెల్ లీ. యుద్ధం వస్తుంది. అందరితోపాటు తనూ సైన్యంలో చేరబోతే, డ్రైవర్‌గానే ఎక్కువ అక్కరకొస్తాడని అధికారులు అతణ్ణి వెనక్కి పంపేస్తారు. కారణం మాత్రం చెప్పరు. పిరికివాడనుకుని ప్రియురాలు ముఖం తిప్పుకుంటుంది. కొన్నాళ్ళకు శత్రువుల గూఢచారులు ప్రయాణికుల్లా వచ్చి, స్టేషన్లో ఆగివున్న అతని ఇంజన్‌ను ఎత్తుకుపోతారు. అనబెల్ కూడా ఆ రైల్లో చిక్కుకుపోతుంది. ఇక జానీ ఊరుకుంటాడా? కాలినడకన, ట్రాలీ మీద, సైకిల్ మీద, చివరికి మరో ఇంజన్ ఎక్కి ఒక్కడే వాళ్ళను తరుముతాడు.

చూస్తున్నంతసేపూ మనం జానీ వైపే. శత్రువులు పట్టాలకు అడ్డంగా దుంగలు పడేస్తే, అవి ఎప్పుడు తొలగుతాయా అని ఊపిరి బిగబట్టి చూస్తాం. ఆరెగాన్ రాష్ట్రంలోని కాటేజ్ గ్రోవ్ దగ్గర నిజమైన ఇంజన్‌నే మండుతున్న వంతెన మీదికి ఎక్కించి నదిలో కూల్చారు ఈ సినిమా కోసం. ఆ ఇంజన్ శత్రువులది కనుక, అది కూలితే మనకు సంతోషం. చివర్లో జానీకి లెఫ్టినెంట్ హోదా ఇస్తే మనకే ఇచ్చినంత సంబరం. కలకాలం భద్రపరచాల్సిన చిత్రాలంటూ 1989లో అమెరికాలో ఎంపికచేసిన తొలి 25 సినిమాల్లో ఇదీ ఒకటి. ఆ గౌరవానికి ఇది అన్నివిధాలా తగిన సినిమాయే.

అయితే జానీ ఏ సైన్యంలో చేరాలనుకున్నాడు? అతను తొడుక్కున్న లెఫ్టినెంట్ కోటు ఎవరిది? అది 1861లో అమెరికా నుంచి విడిపోయి వేరు కుంపటి పెట్టుకున్న దక్షిణాది రాష్ట్రాల సైన్యానిది. మనుషుల్ని సంతలో కొని అమ్మే హక్కును కాపాడుకోవడానికి ఏర్పడ్డ ప్రభుత్వానిది. అంటే గంటకు పైగా మనం జాలిపడిందీ, చప్పట్లు కొట్టిందీ బానిస యజమానుల పక్షాన. సినిమా చూస్తున్నప్పుడు ఈ సంగతి ఎవరికీ గుర్తురాదు. గుర్తు రాకుండా తీయడంలోనే కీటన్ నేర్పు ఉంది, చిక్కూ అక్కడే ఉంది.

నిజంగా జరిగిన కథ వేరు. 1862 ఏప్రిల్ 12, శనివారం. జార్జియా రాష్ట్రంలో అట్లాంటా నుంచి చట్టనూగాకు వెళ్ళే రైలు పొద్దున్నే బిగ్ షాంటీ అనే చోట ఫలహారం కోసం ఆగింది. సిబ్బంది, ప్రయాణికులు దిగి హోటల్లోకి వెళ్ళారు. జేమ్స్ ఆండ్రూస్ అనే ఉత్తరాది గూఢచారి, మామూలు బట్టల్లో ఉన్న తన మనుషులతో కలిసి ‘జనరల్’ ఇంజన్‌ను, దాని వెనకున్న మూడు గూడ్సు పెట్టెలను విడదీసి తోలుకుపోయాడు. ఎదురుగానే దక్షిణాది సైనికుల శిబిరం ఉంది. అయినా ఎవరికీ అనుమానం రాలేదు. ఆండ్రూస్ మనుషుల్లో ఎక్కువమంది ఒహాయో రాష్ట్రానికి చెందిన సైనికులు. దారి పొడవునా టెలిగ్రాఫ్ తీగలు తెంచి, పట్టాలు పీకి, వంతెనలు తగలబెట్టాలని వాళ్ళ పథకం. అలా చేస్తే చట్టనూగాకు సాయం అందదు, అవతల కాచుకున్న ఉత్తరాది సేన ఆ పట్టణాన్ని సులువుగా పట్టుకోవచ్చు. దారిలో ఆపినవాళ్ళకు, దక్షిణాది సేనాని బోరెగార్డ్‌కు మందుగుండు తీసుకుపోతున్నామని ఆండ్రూస్ తొణక్కుండా చెప్పేవాడు. కానీ ముందు అనుకున్న రోజుకు కాక ఒకరోజు ఆలస్యంగా బయల్దేరడం అతని కొంప ముంచింది. ఈలోగా ఉత్తరాది సేన హంట్స్‌విల్‌ను పట్టుకోవడంతో, అటునుంచి తరలిస్తున్న సరుకుల రైళ్ళు ఎదురొచ్చి కింగ్‌స్టన్ స్టేషన్లో గంటకు పైగా దారి ఆపేశాయి.

వాళ్ళను తరిమినవాడు విలియం ఫుల్లర్, ఆ రైలు కండక్టర్. మన లెక్కలో గార్డు అనుకోవచ్చు. ఫలహారం మధ్యలో వదిలేసి పట్టాల వెంట పరుగెత్తాడు. తర్వాత ట్రాలీ తోసుకుంటూ పోయాడు. ఒక ఇంజన్ దొరికితే ఎక్కాడు, దారి మూసుకుపోతే దిగి ఇంకో ఇంజన్ ఎక్కాడు. పట్టాలు పీకేసిన చోట మళ్ళీ కాళ్ళకు పనిచెప్పాడు. చివరికి ఎదురొస్తున్న ‘టెక్సస్’ అనే ఇంజన్‌ను ఆపి, తిప్పే వీలు లేక వెనక్కే నడుపుతూ వెంటాడాడు. సుమారు 140 కిలోమీటర్ల తరువాత, రింగ్‌గోల్డ్ దాటాక జనరల్‌లో కట్టెలు, నీళ్ళు అయిపోయాయి. ఆండ్రూస్ బృందం దూకి అడవిలోకి పారిపోయింది. తలుచుకున్న వంతెనల్లో ఒక్కటీ కాలలేదు. వానకు కలప తడిసిపోయి నిప్పు అంటుకోలేదు. కొద్ది రోజుల్లోనే అందరూ దొరికిపోయారు.

ఆ దొరికినవాళ్ళలో విలియం పిటెంజర్ అనే యువకుడున్నాడు. అతను బతికి బయటపడి, 1863లో తమ సాహసాన్ని పుస్తకంగా అచ్చువేశాడు. కీటన్ సినిమాకు ఆధారం అతను రాసిన ఈ కథే. ఉత్తరాది సైనికుడు రాసిన పుస్తకంలోంచి కథ తీసుకుని, కీటన్ వైపు మార్చేశాడు. వీరులు దొంగలయ్యారు, తరిమినవాడు వీరుడయ్యాడు. ఓడిపోయిన దక్షిణాది వాళ్ళను దుర్మార్గులుగా చూపిస్తే జనం ఒప్పుకోరని ఆయన తర్వాతి రోజుల్లో వివరించాడు. వ్యాపారం తెలిసినవాడి మాట అది. 1915లో వచ్చిన ‘ద బర్త్ ఆఫ్ ఎ నేషన్’ దక్షిణాది తెల్లవాళ్ళను అన్యాయానికి గురైనవాళ్ళుగా చూపించి కాసుల వర్షం కురిపించిన దేశం అది.

ఇందులో ప్రేక్షకుణ్ణి తిట్టాల్సిందేమీ లేదు. మన జాలికి కొన్ని అలవాట్లున్నాయి. అది ధర్మం ఎటువైపుందని ముందు విచారించదు. ఒకడి వస్తువు పోతే అటు పరుగెడుతుంది. పదిమంది మీదికి ఒక్కడు పోతుంటే ఆ ఒక్కడి పక్కన చేరుతుంది. చెమటోడ్చి పనిచేసేవాణ్ణి చూస్తే చాలు, వాడు ఎవరి పని చేస్తున్నాడని అడగదు. మన ఫ్యాక్షన్ సినిమాల్లో వేటకొడవలి హీరో చేతిలో ఉంటే ఒక న్యాయం, విలన్ చేతిలో ఉంటే మరో న్యాయం కావడం మనకు తెలియనిదా! జానీ గ్రే విషయంలో అయితే ఈ మూడూ కలిశాయి. పోగొట్టుకున్నవాడు, ఒంటరివాడు, పనివాడు. నిజం ఫుల్లర్ కూడా అలాంటివాడే. తన రైలును ఎత్తుకెళ్ళింది ఎదుటి శిబిరం నుంచి పారిపోయిన సైనికులెవరో అనుకున్నాడట మొదట. శత్రువులని తెలియకముందే పరుగు మొదలెట్టాడు. తన చేతికి అప్పగించిన రైలు తన కళ్ళముందే పోతుంటే నిలబడి చూడలేకపోయాడు. ఆ పరుగును మెచ్చుకోని రైల్వే ఉద్యోగి ఎవరుంటారు?

కానీ ఆ పట్టాల మీద ఏం నడిచింది? ఆ ప్రశ్న అడగగానే తెరమీద లేనివాళ్ళు గుర్తొస్తారు. 1860 జనాభా లెక్కల ప్రకారం అమెరికాలో బానిసల సంఖ్య 39 లక్షలకు పైగా. ఒక్క జార్జియాలోనే 4 లక్షల 62 వేల మంది. దక్షిణాది రైలుమార్గాల్లో చాలాభాగం వాళ్ళ రెక్కల కష్టంతోనే వేశారు. వాళ్ళకు చదవడం నేర్పితే శిక్షించే చట్టం జార్జియాలో 1829లోనే వచ్చింది. ‘ది జనరల్’ కథ నడిచేది అదే జార్జియాలో, అదే 1862లో. అయినా బానిసత్వం అనే సంగతే ఆ కథలో లేదు. నల్లవాళ్ళు తెరమీద కనిపించేదే అరుదు. తెరమీద లేనివాడి మీద జాలి ఎలా పుడుతుంది?

ఈ కథ విశ్వాసులను ఇంకో విధంగా కూడా గుచ్చుతుంది. దక్షిణాది ప్రభుత్వానికి ఉపాధ్యక్షుడైన అలెగ్జాండర్ స్టీఫెన్స్ జార్జియావాడే. 1861 మార్చి 21న సవానా పట్టణంలో మాట్లాడుతూ, నల్లవాడు తెల్లవాడితో సమానుడు కాడనీ, బానిసత్వమే అతని సహజస్థితి అనీ, తమ కొత్త ప్రభుత్వానికి అదే మూలరాయి అనీ కుండబద్దలు కొట్టాడు. పైగా కట్టేవాళ్ళు పనికిరాదని పారేసిన రాయే మూలకు తలరాయి అయిందన్న కీర్తనను (118:22) దానికి అతికించాడు. యేసుప్రభువు తన గురించి చెప్పుకోవడానికి ఎత్తి చూపిన వచనమది (మత్తయి 21:42). క్రీస్తును ఉంచాల్సిన చోట సంకెళ్ళను ఉంచి, దానికి బైబిల్ మాటతోనే సున్నం వేశాడన్నమాట. అది విని సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్లు కొట్టినవాళ్ళలో ఆదివారం తప్పకుండా చర్చికి వెళ్ళేవాళ్ళు ఎందరో!

చర్చీలు అప్పటికే చీలిపోయాయి. బానిసలకు యజమాని అయిన బిషప్ జేమ్స్ ఆండ్రూ విషయంలో 1844లో మెథడిస్టులు విడిపోయారు. ఆయనదీ జార్జియాయే. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలోని అగస్టాలో దక్షిణాది బాప్టిస్టులు వేరుపడ్డారు. బానిసలున్నవాడు మిషనరీగా వెళ్ళవచ్చా అన్నది అక్కడ తగువు. తమ సంఘం పుట్టుకలో బానిసత్వం పాత్ర ఉందని ఒప్పుకుని ఆ సమాఖ్య 1995లో క్షమాపణ చెప్పింది. మన నెల్లూరు మిషన్ ఆ చీలికలో ఉత్తరాది బాప్టిస్టులతోనే ఉండిపోయింది. నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల విశ్వాసులకు ఈ సంగతి తెలిసుండడం మంచిది.

అదే సమయంలో తోటల్లో ఆ బానిసలు పాడుకున్న పాటల్లో మోషే ఉన్నాడు, ఫరో ఉన్నాడు, ఎర్రసముద్రం ఉంది. బైబిల్లో అతిపెద్ద తరుముడు కథ అదే కదా! ఆ కథను ఫరో రథసారథి వైపు నుంచి చెబితే ఎలా ఉంటుందో ఒక్కసారి ఊహించండి. పాపం, రాజాజ్ఞ శిరసావహించి బయల్దేరాడు. గుర్రాలను ప్రాణంలా చూసుకునేవాడు. తడి ఇసుకలో రథచక్రాలు ఊడిపోతుంటే (నిర్గమ 14:25) దిగి బిగించుకుంటూ మళ్ళీ ఎక్కుతున్నాడు. చేతిలో నేర్పున్న దర్శకుడుంటే ఆ చక్రాలతో మనల్ని కడుపుబ్బ నవ్వించగలడు, ఆ సారథి నీళ్ళలో మునిగితే ఏడిపించగలడు. ఆ ఏడుపు అబద్ధం కాదు. సారథి కూడా ఒక తల్లి బిడ్డే. అయితే ఆ కథలో, ఇటుకలు మోసి మోసి వీపులు వంగిన ఆ జనం ఎక్కడో దూరంగా కదిలే దుమ్ములా తప్ప కనిపించరు. మోషే చెప్పిన కథకూ దీనికీ జరిగిన సంగతుల్లో ఒక్క తేడా కూడా ఉండనక్కర్లేదు. ఎక్కడ నిలబడి చూస్తున్నామన్నదే తేడా.

అలాగని ఆండ్రూస్ మనుషులను మోషే పక్కన నిలబెట్టాల్సిన పనిలేదు. ఆండ్రూస్ రెండు పక్షాల మధ్య దొంగచాటుగా సరుకులు తరలించి లాభం చేసుకున్నవాడే. 1862 ఏప్రిల్ నాటికి ఉత్తరాది ప్రభుత్వం కూడా దేశాన్ని ఒక్కటిగా ఉంచడానికే పోరాడుతున్నానంది తప్ప, బానిసలను విడిపించడానికని అనలేదు. లింకన్ విముక్తి ప్రకటన అమలయింది 1863 జనవరి 1న. ఒహాయో కుర్రాళ్ళకు తాము ఎవరికోసం ప్రాణాలొడ్డుతున్నదీ పూర్తిగా తెలిసి ఉండకపోవచ్చు. తెలిసినా తెలియకపోయినా, ఆ వంతెనలు కాలి ఉంటే ఆ సంకెళ్ళు కొంచెం ముందుగా తెగి ఉండేవి. మంచివాళ్ళంతా ఒకవైపు, చెడ్డవాళ్ళంతా మరోవైపు ఉండరు. అయినా ఒక పక్షం తప్పు, ఒక పక్షం ఒప్పు కావడం మాత్రం నిజం. ఫుల్లర్ మీద జాలిపడటం వేరు, ఫుల్లర్ పక్షం గెలవాలనుకోవడం వేరు. కీటన్ సినిమా ఈ రెండింటినీ ఒకే ముడి వేసేసింది.

దావీదు దగ్గరికి నాతాను ప్రవక్త వచ్చి చెప్పిన గొర్రెపిల్ల కథ కూడా (2 సమూయేలు 12) జాలి మీద నడిచిందే. పేదవాడి ఒక్కగానొక్క గొర్రెపిల్లను ధనికుడు లాక్కున్నాడంటే రాజు మండిపడ్డాడు. ఆ మనిషివి నీవేనని ప్రవక్త అప్పుడు వేలెత్తి చూపాడు. నాతాను కథ ఊరియాను దావీదు కళ్ళముందు నిలబెట్టింది. ‘ది జనరల్’ ఊరియాను కథలోంచే తీసేసింది.

ముప్పై ఏళ్ళ తర్వాత వాల్ట్ డిస్నీ సంస్థ ఇదే కథను ‘ద గ్రేట్ లోకోమోటివ్ చేజ్’ పేరుతో 1956లో రంగుల్లో తీసింది. ఈసారి కథానాయకుడు ఆండ్రూసే. పక్షం సరిదిద్దారు కదా అనుకుంటాం. కానీ ఫుల్లర్ పరుగు మొదలుపెట్టగానే మన మనసు మళ్ళీ అతని వెంటే పడుతుంది. అది గ్రహించినట్టే, ఉరికి ముందు ఆండ్రూస్ జైల్లో ఫుల్లర్‌తో చేతులు కలిపే దృశ్యం పెట్టారు. ఇద్దరూ యోధులే, ఇద్దరూ గొప్పవాళ్ళే అని సర్దిచెప్పారు. చూడటానికి కన్నీళ్ళు తెప్పించే దృశ్యమే. అయితే ఆ ఇద్దరు తెల్లవాళ్ళూ చేతులు కలుపుకుని ఎవరి సంగతి మరిచిపోయారో, వాళ్ళ మనుమలు, మునిమనుమలు అదే 1956లో పక్క రాష్ట్రంలోని మాంట్గొమరీలో బస్సులెక్కడం మానేసి ఏడాది పొడవునా కాలినడకన పనికి పోతున్నారు. వాళ్ళను నడిపిస్తున్నవాడు మార్టిన్ లూథర్ కింగ్ అనే యువ పాస్టర్.

ఇదంతా పరాయి దేశం గొడవ అనిపిస్తే, యుద్ధాన్నీ రైలునూ కలిపి తీసిన ఇంకో గొప్ప సినిమా చూడండి. 1957లో డేవిడ్ లీన్ తీసిన ‘ద బ్రిడ్జ్ ఆన్ ద రివర్ క్వాయ్’. జపాను వాళ్ళకు చిక్కిన బ్రిటిష్ కర్నల్, శత్రువు కోసమే అయినా పట్టుదలతో చక్కని వంతెన కట్టిస్తాడు. దాన్ని పేల్చేయడానికి సొంత పక్షం వాళ్ళే వస్తుంటే, అయ్యో పాపం, ఎంత చక్కగా కట్టారు అని మన ప్రాణం విలవిల్లాడుతుంది. ఇక్కడా జాలి చెమట వెంట పోయింది. నిజంగా 1942-43ల్లో సయాం, బర్మాల మధ్య వేసిన ఆ 415 కిలోమీటర్ల రైలుమార్గం మీద 12 వేలకు పైగా యుద్ధఖైదీలు చనిపోయారు. అంతకు ఎన్నో రెట్ల మంది ఆసియా కూలీలు చచ్చిపోయారు. వాళ్ళలో మలయా రబ్బరు తోటల నుంచి తోలుకుపోయిన తమిళులున్నారు, తెలుగువాళ్ళున్నారు. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పొట్టచేత పట్టుకుని ఓడలెక్కి మలయా వెళ్ళిన కుటుంబాల వాళ్ళు. సినిమాలో ఆ వంతెన కట్టింది బ్రిటిష్ ఖైదీలే. మనవాళ్ళ ఊసు లేదు. క్వాయ్ వంతెనకు కన్నీరు పెట్టిన తెలుగు ప్రేక్షకుడు, అక్కడి మట్టిలో కలిసిన శ్రీకాకుళం కూలీని ఎరుగడు.

మళ్ళీ జార్జియాకు వస్తే, కీటన్ పిటెంజర్ పుస్తకంలో సగమే తీసుకున్నాడు. రైలు ఆగిపోయాక జరిగింది నవ్వుకునే కథ కాదు గనుక వదిలేశాడు. ఆండ్రూస్‌ను 1862 జూన్ 7న అట్లాంటాలో ఉరితీశారు. జూన్ 18న మరో ఏడుగురిని ఒకేసారి ఉరికంబం ఎక్కించారు. వాళ్ళలో జార్జ్ విల్సన్ అనే చెప్పులు కుట్టే వృత్తివాడు, మెడకు తాడు ఉండగానే చుట్టూ మూగిన జనంతో మాట్లాడాడు. మీమీద నాకు పగలేదు, కానీ మీరు చేస్తున్నది తప్పని ఒకనాటికి మీరే తెలుసుకుంటారని చెప్పాడట. ఇద్దరి తాళ్ళు బరువుకు తెగిపోయాయి. కిందపడ్డవాళ్ళు మంచినీళ్ళు అడిగి తాగారు. తాళ్ళు మార్చి మళ్ళీ ఉరితీశారు. మిగిలినవాళ్ళలో ఎనిమిదిమంది అక్టోబరులో జైలు గోడ దూకి తప్పించుకున్నారు. ఆరుగురిని ఖైదీల మార్పిడిలో విడిచిపెట్టారు. అమెరికాలో అత్యున్నత సైనిక పురస్కారమైన మెడల్ ఆఫ్ ఆనర్‌ను మొట్టమొదటగా 1863 మార్చి 25న అందుకున్నది ఈ ఆరుగురే. విల్సన్‌కు, అతనితోపాటు ఉరికంబమెక్కిన ఫిలిప్ షాడ్రక్‌కు ఆ పతకం దక్కింది మాత్రం 2024 జులై 3న. అంటే 162 ఏళ్ళ తర్వాత.

పిటెంజర్ ఆ తర్వాత మెథడిస్టు బోధకుడయ్యాడు. తన కథను ఒకటికి రెండుసార్లు పెంచి రాశాడు. తమను తరిమిన ఫుల్లర్ పట్టుదలను ఆయన ఎక్కడా తక్కువచేయలేదు. అట్లాంటా జైలు రోజుల గురించి రాసినచోట ఆయన పుస్తకంలో మరికొందరు కనిపిస్తారు. ఏ సినిమాలోనూ కనిపించనివాళ్ళు. ఖైదీలకు తిండి తెచ్చిపెట్టే నల్లజాతి పనివాళ్ళు. బయట యుద్ధం ఎలా నడుస్తోందో తెలియక అల్లాడుతున్న ఆ ఉత్తరాది కుర్రాళ్ళకు, కాపలావాళ్ళ కళ్ళుగప్పి వాళ్ళు వార్తాపత్రికలు చేరవేసేవారు. చదువు నేర్పడమే నేరమైన ఆ రాష్ట్రంలో, ఆ పత్రికను మడిచి, అన్నం గిన్నె అడుగున పెట్టి తెచ్చేవారు.